పట్టీ కెక్కని పేర్లు

తెలుగుసంఘముల వేదికలపై తరచుగా వినవచ్చు లెక్క యొకటి కలదు. 2011 జనగణన ప్రకారము అండమాను నికోబారు దీవుల జనసంఖ్య 3,80,581. అందు తెలుగు తమ మాతృభాషయని చెప్పుకొన్నవారు సుమారు 50 వేలు, అనగా నూటికి పదుమువ్వురు. ఈ మాట చెప్పినప్పుడెల్ల సభలో కరతాళధ్వనులు చెలరేగును. బంగాళాఖాతము నడుమకూడ మన భాష బ్రతికియున్నదని ఉప్పొంగిపోవుదుము. ఉప్పొంగవలసినదే, కాదనను. కాని అక్టోబరులో ఆ దీవులకు పనికి పోయి, మే నెలలో మరలివచ్చు సీజనుకూలీ ఏ లెక్కలో చేరినాడు? అచ్చటి స్థిరనివాసి కాడు గనుక అచ్చటి సంఘము వానిని లెక్కింపదు. ఏడునెలలు ఇంట నుండడు గనుక ఇచ్చటి సంఘము లెక్కింపదు. సభ్యత్వపు రుసుము చెల్లింపడు గనుక ఏ సంఘమును వాని పేరెత్తదు.

నా వాదము చిన్నది. మన సంఘములు ఇట్టి కూలీల పట్టీ నొకదానిని పెట్టవలయును. పేరు, ఊరు, పనిచేయు చోటు, జీతము, పుచ్చుకొన్న ముందుసొమ్ము, తిరిగి రావలసిన తేది: ఈ ఆరు ముక్కలు ఒక పుస్తకమున నెక్కవలయును. ఇంతమాత్రము చేయలేని సంఘము ఎన్ని ఉగాది సభలు జరిపినను, ఎందరు కవులకు శాలువలు కప్పినను, భాషాభిమానమును గూర్చి పలుకు హక్కు దానికి సగము తరిగిపోయినట్లే.

గుడారి, గుణుపురము, రాయగడ ప్రాంతముల తెలుగు కుటుంబములకు ఈ మాట కొంత కటువుగా తోచవచ్చును. “వలస” యను మాట మనకు రుచింపదు. కారణము లేకపోలేదు. ఈ సీమ జయపురసంస్థానములోనిది. విశాఖపట్టణపు ఏజెన్సీలో భాగమై మద్రాసు రాజధాని క్రింద నుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదిన ఒరిస్సారాష్ట్ర మేర్పడినప్పుడు కోరాపుటు జిల్లాయై అందు చేరెను. ఆ కోరాపుటునుండి 1992 అక్టోబరు 2న రాయగడ జిల్లా వేరుపడెను. నాటికే ఇచ్చట నున్న తెలుగు కుటుంబములు ఇల్లు కదలకయే రాష్ట్రము మారినవి. కనుక మనలను ఎవరైన వలసవచ్చినవారన్నచో మనకు రోషము కలుగును. ఆ రోషము న్యాయమైనదే. అయితే ఆ రోషమే నేడు మన కన్నులకు గంతలు కట్టుచున్నది. “మేము వలసవారము కాము” అని చెప్పి చెప్పి, మనలో వలస పోవువానిని మనవాడు కాడనుకొను స్థితికి వచ్చితిమి.

వంశధార తీరమునుండి సముద్రమునకు దారి క్రొత్తది కాదు. మన ఊరి నానుకొని పారు ఏరే కళింగపట్టణము వద్ద కడలిలో కలియుచున్నది. గుడారినుండి గుణుపురము, అటనుండి నౌపడ మీదుగా రైలు, విశాఖపట్టణమున రేవు. విశాఖనుండి పోర్ట్‌బ్లెయరునకు నెలకొకటి చొప్పున ఓడ నడచుట పరిపాటి. సుమారు 1,200 కిలోమీటర్ల దూరము, రెండు మూడు దినముల ప్రయాణము. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల మత్స్యకారులు ఎన్నడో ఆ దీవులు చేరి కాపురములు పెట్టిరి. వారి వెంట తాపీపనివారు, వంటవారు, బరువులు మోయువారు పోయిరి. ఇప్పుడు యాత్రికుల వ్యాపారము పెరిగినందున గదులు తుడుచుటకు, దుప్పట్లు ఉతుకుటకు, పడవలపై తాళ్లు పట్టుటకు, రేవు కట్టలపై సామానులు మోయుటకు, కొబ్బరిబొండములు కొట్టుటకు మనుష్యులు కావలసివచ్చిరి.

ఆ దీవులలో ఏడాదికి రెండే ఋతువులు: యాత్రికులు వచ్చు ఋతువు, రాని ఋతువు. నైరుతి ఋతుపవనము మే నెలలో మొదట తాకు నేలలలో అండమాను ఒకటి. అది మొదలు సెప్టెంబరు వరకు వానలు, సముద్రపు పోటు. దీవినుండి దీవికి నడచు ఓడలు తరచుగా నిలిచిపోవును. పగడపుదిబ్బలు చూపు పడవలు ఒడ్డెక్కును. అక్టోబరులో ఆకాశము తేరుకొనగానే విమానములు నిండును. డిసెంబరు, జనవరి మాసములలో రాధానగరు ఇసుకతీరమున జనము క్రిక్కిరియుదురు. 2004లో ‘టైమ్’ పత్రిక ఆ తీరమును ఆసియాలో మేటి యని మెచ్చుకొన్న పిమ్మట దాని పేరు దేశదేశముల వ్యాపించినది. యాత్రికులు మెచ్చు ఆ తెల్లని పక్కదుప్పటిని ఎవరో ఉతికియుందురు. ఆ ఎవరో అన్న మాటయే ఈ వ్యాసమునకు విషయము.

సీజనుపనిని నిందించుట నా ఉద్దేశము కాదు. మన పెద్దలలో కొందరు “సొంత ఊరు విడిచి ఎంగిలికంచము లెత్తుటకు సముద్రము దాటవలయునా?” అని ముక్కు విరుతురు. ఈ మాట నాకు సమ్మతము గాదు. పనిలో తప్పు లేదు. చేతికష్టము ఎచ్చట చేసినను గౌరవమే. వానకాలపు నాట్లు పడి, పొలమున పని తగ్గిన పిమ్మట బయలుదేరి, మరల తొలకరికి ఇల్లు చేరుట సేద్యపు కాలమానమునకు కూడ కొంత పొసగును. ముక్కు విరుచు పెద్దలు ఆ యువకునకు ఆ ఏడునెలలు ఊరిలో ఏ పని చూపిరి? చూపనివారికి నిందించు అధికారము లేదు.

రెండవ తెగవారు మరియు ప్రమాదకరులు. వారు “దీవి మా పిల్లలకు అన్నము పెట్టుచున్నది, ఇంకేమి కావలయును?” అందురు. వారి లెక్క నొకసారి పరిశీలింతము. ఉదాహరణమునకై అంకెలు పెట్టుకొందము. ఒక కుర్రవానికి నెలకు 15 వేల రూపాయల జీతమనుకొనుడు. ఏడునెలలకు 1,05,000 అగును. రానుపోను దారిఖర్చు, తిండికి బసకు కోత, ముందు పుచ్చుకొన్న సొమ్ముపై వడ్డీ, రోగము వచ్చిన దినముల నష్టము, అన్నియు కలిసి 21 వేలు పోయెననుకొనుడు. మిగిలినది 84 వేలు. దీనిని ఏడుతో భాగించినచో నెలకు 12 వేలు కనబడును. ఊరివారు చెప్పుకొను లెక్క ఇదియే. కాని ఆకలి ఏడునెలలకే పరిమితమై యుండదు. పన్నెండుతో భాగింపుడు: నెలకు 7 వేలు. యాత్రికుడు సెలవులను సీజనుగా చేసికొనవచ్చును. కూలివాని కుటుంబమునకు కడుపు సంవత్సరమంతయు ఉండును. సీజను జీతము సంవత్సరపు బ్రతుకును మోయవలసి యున్నప్పుడు, ఆ జీతములో ఒక్క నెల ఎగవేయబడినను సంసారము ఒడ్డున పడిన పడవయే.

మరి ఎగవేత జరిగినచో వాడు ఎవరిని అడుగవలయును? ఇచ్చటనే మన సంఘములు సిగ్గుపడవలసిన విషయ మున్నది. ఇట్టి పనులకు మనుష్యులను కుదుర్చువాడు చాలచోట్ల పరాయివాడు కాడు. వాడు “మనవాడే”. మన భాష మాటాడును, మన పెండ్లిండ్లలో బంతిని కూర్చుండును, పిల్లలను వరుస పెట్టి పిలుచును. “కాగిత మెందులకురా అబ్బాయీ, నేను లేనా?” అనును. ఆ మాట తెలుగులో వినబడుటచేత తల్లిదండ్రులకు ధైర్యము కలుగును. వ్రాతపత్రమే ఉన్నచో అది ఇంగ్లీషున నుండును. ఒరియా బడిలో చదివిన మన పిల్లవానికి తెలుగు నోటికి వచ్చును, కంటికి రాదు. ఇంగ్లీషు రెంటికిని అంతంతమాత్రము. అనగా ఒప్పందము చెవికి తెలుగు, కంటికి ఇంగ్లీషు. మోసమునకు ఇంతకంటె అనువైన సంధి యేది? భాష యిచ్చట బంధుత్వమునకు గుర్తుగా వచ్చి, జామీనుగా మారి, చివరకు ఉచ్చుగా తేలుచున్నది. భాషను రక్షింప బూనిన సంఘములు ఇది చూచియు మిన్నకుండుట న్యాయమా?

ఈ పద్ధతికి ఒడిశాలో పాత పేరు కలదు: దాదన్. దాదనన్నను బయానా యన్నను ఒకటే. పనికి ముందే చేతిలో పెట్టు సొమ్ము. ఆ సొమ్ము పుచ్చుకొన్నవాడు పని ముగియువరకు సర్దారునకు, ఖాతాదారునకు కట్టుబడియుండవలయును. ఈ బాధ ఎంత ముదిరెననగా 1975లో ఒరిస్సాప్రభుత్వము దాదన్ కూలీల కొరకు ప్రత్యేకచట్టము చేయవలసివచ్చెను. దేశమున అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టము 1979లో వచ్చుటకు ఈ ఒరిస్సా కూలీల గోడు ఒక ముఖ్యకారణము. ఆ చట్టము ఐదుగురు లేక అంతకు మించిన అంతర్రాష్ట్ర కార్మికులున్న చోట్లకు వర్తించెను. అది 2020 నాటి వృత్తిభద్రతా, ఆరోగ్య, పనిపరిస్థితుల స్మృతిలో కలిసిపోయినది. ఈ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినది. దీనిలో మంచి లేకపోలేదు. మేస్త్రీ ద్వారా గాక తనంత తాను పోయినవానిని కూడ అంతర్రాష్ట్ర వలసకార్మికుడని గుర్తించినది. ఏడాది కొకసారి ఊరికి పోయివచ్చుటకు యజమాని ప్రయాణపుఖర్చు చెల్లింపవలెనన్నది. కాని ఐదుగురన్న హద్దును పదుగురు చేసినది. ఒక చిన్న బసలో నలుగురు తెలుగువారు, ముగ్గురు బెంగాలీలు, ఇద్దరు జార్ఖండువారు పనిచేయుచున్నచో వారు తొమ్మండుగురు. ఆ అధ్యాయము వారికి వర్తింపదు. చట్టము చేయి అందని ఈ చిన్నచోట్లలోనే సంఘము చేయి అందవలయును.

పట్టీకి ఇంత ప్రాధాన్య మెందులకని అడుగువారికి చరిత్రనుండి రెండు నిదర్శనములు చూపెదను.

అండమాను పేరు వినగానే మన తాతలకు గుర్తువచ్చినది చెర. అచ్చటి శిక్షావాసము 1858లో మొదలైనది. సెల్యులార్ జైలు 1896లో ఆరంభింపబడి 1906లో పూర్తియైనది. 1922–24 నాటి మన్యపు పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడచినవారిలో కొందరిని అచ్చటికి పంపిరి. వారిలో గాం మల్లుదొర ఆ శిక్ష ననుభవించి తిరిగివచ్చి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్టణమునుండి ఎన్నికయ్యెను. ఆ కాలపు అండమాను ఖైదీల మెడలలో కొయ్యబిళ్లలు వ్రేలాడుచుండెను. బిళ్లపై వాని సంఖ్య, శిక్ష పడిన తేది, విడుదల కావలసిన తేది చెక్కబడి యుండెను. అది క్రూరమైన బిళ్ల. దానిని మెచ్చుకొనువాడు మనుష్యుడు కాడు. కాని ఒక్క సంగతి తలపోయుడు. బానిసకంటె హీనముగా చూడబడిన ఆ ఖైదీ ఎవడో, ఎన్నడు ఇల్లు చేరవలెనో ప్రభుత్వమునకు తెలిసియుండెను. స్వతంత్రదేశపు పౌరుడై, తన టిక్కెట్టు తానే కొనుక్కొని, అదే సముద్రముపై అదే రేవునకు పోవు నేటి కూలివాని పేరు ఎచ్చటను వ్రాయబడి యుండదు. దొరతనమువారు కట్టివేయుటకై వ్రాసిరి. మనము కాపాడుటకైనను వ్రాయలేమా?

రెండవ నిదర్శనము మారిషస్సు. చెరకుతోటలకై 1834 నుండి ఆ ద్వీపమునకు కట్టుకూలీలను తరలించిరి. కోరంగి మొదలగు రేవులనుండి తెలుగువారును పోయిరి. ఆ ఒప్పందములు అన్యాయములు, ఆ బ్రతుకులు దుర్భరములు. అయినను దిగిన ప్రతివాని పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ పేరు పుస్తకముల కెక్కినవి. పిమ్మట ఛాయాచిత్రములు కూడ తీసిరి. ఆ పుస్తకములు అచ్చటి మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. వారు మెట్లెక్కిన ఆప్రవాసీ ఘాటును 2006లో యునెస్కో ప్రపంచవారసత్వ స్థలముగా ప్రకటించెను. నేడు మారిషస్సు తెలుగువాడు తన ముత్తాత ఏ ఊరివాడో ఆ కాగితములలో వెదకికొనగలుగుచున్నాడు. ఇంచుమించు రెండు శతాబ్దముల క్రింద పోయినవాని జాడ దొరకుచుండగా, నిరుడు పోయినవాని జాడ మనకు దొరకకున్నది.

జాడ యెప్పుడు కావలసివచ్చునో ముందుగా తెలియదు. 2004 డిసెంబరు 26న సముద్రము లేచి దీవులపై పడినది. అది క్రిస్మసు మరునాడు, యాత్రికుల సీజను మధ్యదినము. అట్టి దినమున ఊరిలోని తల్లి “నా కొడుకు ఏ దీవిలో, ఎవరి కొలువున నున్నాడు?” అని అడిగినచో చెప్పవలసినది ఎవరు? 2016 డిసెంబరులో తుఫానువల్ల హావ్‌లాక్, నీల్ దీవులలో వెయ్యికిపైగా యాత్రికులు చిక్కుకొనగా నౌకాదళపు ఓడలు పోయి వారిని తెచ్చినవి. వార్తలలో యాత్రికుల సంఖ్య ప్రతిదినము వచ్చినది. వారికి వండిపెట్టినవారి సంఖ్య ఎవరికి పట్టినది? 2020 మార్చిలో కోవిడు మహమ్మారివలన దీవులు యాత్రికులకు మూతపడినవి. ఆ నెల 25వ తేదినుండి దేశమంతయు స్తంభించినది. సెప్టెంబరులో పార్లమెంటున అడిగినప్పుడు, దారిలో మరణించిన వలసకార్మికుల లెక్క తనవద్ద లేదని కేంద్రప్రభుత్వము చెప్పినది. ఆ జవాబు విని మనమందరము ప్రభుత్వమును నిందించితిమి. నిందింపవలసినదే. కాని ఆనాడు మన సంఘపు బీరువా తెరచి చూచినచో మన లెక్క మాత్ర మేమున్నది?

ఇంకొక విచిత్రము గమనింపుడు. 2018 డిసెంబరులో హావ్‌లాక్ స్వరాజ్‌ద్వీపమైనది, నీల్ షహీద్‌ద్వీపమైనది. 2024లో పోర్ట్‌బ్లెయరు శ్రీవిజయపురమైనది. దీవుల పేర్లు మార్చుటకు ఉత్తరువులు వెలువడును. ఆ దీవులలో పాత్రలు తోమువాని పేరు ఒక్కమారైన వ్రాయుటకు చీటిముక్క కరవైనది. ద్వీపవాసి గుర్తింపుపత్రమున్నవానికి ఓడచార్జీలో రాయితీ కలదు. ఏటికి ఏడునెలలు ఆ దీవి చాకిరి చేయువానికి ఆ పత్రము లేదు. వాడు యాత్రికునితో సమానముగా టిక్కెట్టు కొనవలయును. దీవికి వాడు పరాయి, ఊరికి వాడు అతిథి.

ఇంతవరకు దయతో ఆలోచింపుడని కోరితిని. ఇప్పుడు స్వార్థముతోనే ఆలోచింపుడని కోరుచున్నాను. అల్పసంఖ్యాకులమైన మనకు బలము సంఖ్యయే. 1949లో విద్యామంత్రుల సమావేశము చేసిన నిర్ణయము మన పెద్దలకు కంఠస్థము: తరగతిలో పదిమంది, లేదా బడిలో నలుబదిమంది పిల్లలున్నచో ప్రాథమికవిద్య మాతృభాషలో చెప్పవలయును. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము ఆ హక్కునకు దన్ను. ఆ సంవత్సరపు కేంద్రప్రభుత్వ పత్రము ప్రకారము, ఒక ప్రాంతమున అల్పసంఖ్యాకభాషవారు నూటికి 15 నుండి 20 మంది వరకున్నచో ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలోను రావలయును. ఈ అంకెల కొరకు మనము అర్జీలు వ్రాసితిమి, ఆఫీసుల చుట్టు తిరిగితిమి. మంచిది. మరి జనగణన ఎప్పుడు జరుగును? ఫిబ్రవరి మాసమున. 2021లో జరుగవలసి ఆగిపోయిన జనగణనకు 2027 మార్చి 1వ తేదిని ప్రమాణముగా ప్రకటించియున్నారు. గణన దినములన్నిటను ఇంట లేనివానిని ఇంటివద్ద లెక్కింపరు. ఎచ్చట నున్నచో అచ్చట లెక్కింతురు. ఫిబ్రవరి దీవులలో నిండు సీజను. కావున దీవికి పోయిన ప్రతి తెలుగువాడు గుడారి లెక్కలో ఒక తెలుగువాడు తక్కువ. భార్యను, పిల్లను వెంటబెట్టుకొని పోయినచో ముగ్గురు తక్కువ. బడిలో ఆ పదిమందిలో ఒకరు తక్కువ. అచ్చటనైన వాని భాష తెలుగని వ్రాసిరో, హిందీయని వ్రాసిరో చూచుకొను దిక్కు లేదు. కూలివానిని విస్మరించుటచేత మనము పోగొట్టుకొనుచున్నది వాని క్షేమము మాత్రమే కాదు, మన బడి, మన ప్రకటన, మన సంఖ్య.

ఇందులకు వచ్చు ఆక్షేపణలు నేనెరుగుదును. “ఇది కార్మికశాఖవారి పని, సాంస్కృతికసంఘముది కాదు” అని మొదటి ఆక్షేపణ. సంస్కృతి యనగా నేమి? హరికథయు, కోలాటమును మాత్రమేనా? సంక్రాంతికి రాలేక, ఉగాదికి రాలేక, ఫోనులో పచ్చడిరుచి వినువానికి సంస్కృతి లేదా? “ఈ-శ్రమ్ అను ప్రభుత్వపు నమోదు 2021 నుండి ఉన్నది గదా” యని రెండవది. ఉన్నది, అందు పేరు చేర్పించుటయు మనము చేయవలసిన పనులలో నొకటి. అయితే ఈ ఏడు వాడు ఏ దీవిలో ఎవరివద్ద పనిచేయుచున్నాడో, ఎప్పుడు రావలయునో, ఎంత సొమ్ము రావలయునో అది గుడారిలోని తల్లికి చెప్పదు. “పుస్తకమున వ్రాసినంతనే జీతము పెరుగునా?” యని మూడవది. పెరుగదు. కాని తన మాట ఇంకొకచోట వ్రాయబడియున్నదని తెలిసిన మేస్త్రీ మాట మార్చుటకు జంకును. లోకమున సగము న్యాయము ఈ జంకువలననే నడచుచున్నది.

నాలుగవ ఆక్షేపణను ఎవరును పైకి చెప్పరు, అదియే అసలైనది. కూలీలను కుదుర్చువారిలో కొందరు సంఘములకు చందాలిచ్చువారు. వారికి కోపము తెప్పించినచో పందిరి ఖర్చెవరు పెట్టుకొందురు? దీనికి నా సమాధానము సూటిగా చెప్పెదను. నిజాయితీగల మేస్త్రీకి పట్టీవలన నష్టము లేదు. వాని మంచిపేరునకు అదియే సాక్ష్యము. పట్టీయన్నచో కోపించువాని చందాతో వేసిన పందిరి క్రింద తెలుగుతల్లికి హారతి యెత్తుట కంటె, చెట్టు క్రింద సభ జరుపుకొనుట మేలు.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. దసరా వెళ్లగానే సంఘపు కార్యాలయమున ఒక పుస్తకము తెరువుడు. పోవువాడు తెలుగువాడైనను, వాని వెంట పోవు ఒరియావాడైనను, కొండజాతివాడైనను పేరు వ్రాయుడు. ఓడలో భాష చూచి అల రాదు. ఒప్పందపు నమూనా నొకదానిని ఒకవైపు తెలుగున, ఒకవైపు ఒరియాలో అచ్చొత్తించి, చదివి వినిపించి, వేలిముద్రయో సంతకమో తీసికొనుడు. అందొక ప్రతి ఇంటివారి చేతికిండు. పోర్ట్‌బ్లెయరులోని ఆంధ్రసంఘమునకు ఏటేట ఆ పట్టీ పంపి, ఆపదలో పలుకరింపుడని కోరుడు. వారికిని ఇది గౌరవమే. బయానా పుచ్చుకొను అగత్యము తప్పునట్లు, దారిఖర్చునకు సరిపడు చేబదులు నిధి నొకదానిని వడ్డీ లేకుండ నడుపుడు. ఉత్సవపు ఖర్చులో పదవవంతు ఇందులకు చాలును. వానకాలమున ఇంటనున్న నెలలలో ఆ యువకులకు తెలుగు చదువుట, వ్రాయుట నేర్పుడు. వేమన పద్యములకు ముందు జీతపుచీటి చదువుట నేర్పుడు. తన కష్టఫలమును తన అక్షరములతో సరిచూచుకొన్నవాడు ఆ అక్షరములను ఇక విడువడు. భాషాసేవ ఇంతకంటె వేరొకటి కలదా?

సంఘముల సంచికలలో దాతల పేర్లు, వారి వారి విరాళముల మొత్తములు, అధ్యక్షకార్యదర్శుల ఛాయాచిత్రములు అచ్చగుట ఆచారము. ఆ ఆచారమును మానుమని అనను. వచ్చు సంచికలో ఇంకొక పుట చేర్చుడు. దానికి అలంకారములు వలదు. ఈ ఏడు మన ఊళ్లనుండి దీవులకు ఎందరు పోయిరి, ఎందరు తిరిగివచ్చిరి, ఎందరికి జీతము పూర్తిగా ముట్టినది, ఎందరికి ముట్టలేదు: ఈ నాలుగు అంకెలు చాలును. ఆ పుట అచ్చైన నాడు మన సంఘము స్థిరనివాసుల సంఘ మనిపించుకొనుటకు తగును. ఇల్లు విడిచి పోయినవాడు తిరిగివచ్చువరకు లెక్క చూచుకొనువానిదే గదా స్థిరనివాసము.